పెన్నాక్ గారి రెండు కుర్చీలు

జోథమ్ పెన్నాక్ గారికి రోజుకొకసారైనా తనతో తాను పోట్లాడుకోకపోతే ముద్ద దిగేది కాదు. లోకంలో మగవాళ్ళు పెళ్ళాలతో పోట్లాడతారు, పొరుగువాళ్ళతో పోట్లాడతారు, ఎవరూ దొరక్కపోతే వానతో పోట్లాడతారు. ఈయనకి పెళ్ళాం లేదు. పొరుగున ఉన్నదాన్ని నేను. నాతో పెట్టుకునే ధైర్యం అప్పటికి ఫిలడెల్ఫియాలో ఎవరికీ లేదు. అంచేత తనలోనే ఇద్దర్ని తయారుచేసుకుని, వాళ్ళిద్దరి మధ్యా తంపులు పెట్టి, ఆ తగువుని నెలనెలా అచ్చువేయించి ఊరిమీదకి వదిలేవారు.

అచ్చువేసేదాన్ని నేనే. నా పేరు టామ్‌సిన్ లోరింగ్. మా ఆయన పోతూ నాకు వదిలివెళ్ళింది ఒక అచ్చుయంత్రం, అరిగిపోయిన సీసపు అక్షరాలు, సెకండ్ స్ట్రీట్‌లో ఒక ఇరుకు మేడ. కింద అచ్చాఫీసు, వెనకాల వంటిల్లు, మేడమీద గదిలో పెన్నాక్ గారూ ఆయన పత్రికా. ఆ పత్రిక పూర్తిపేరు "ఉపయోగకరమైన జ్ఞానమునకును నిర్దోషమైన వినోదమునకును ఫిలడెల్ఫియా భాండాగారము". ఆ పేరు కూర్చేసరికే నా దగ్గరున్న పెద్ద అక్షరాలు అయిపోయేవి. ఊళ్ళోవాళ్ళు దయతలచి "భాండారం" అనేవారు.

దేశానికి రాజధాని మా ఊళ్ళోనే ఉన్న రోజులవి. కలం పట్టడం వచ్చిన ప్రతివాడూ ఒక మాసపత్రిక పెట్టేవాడు. మొదటి సంచిక ఆర్భాటంగా వచ్చేది. రెండోది ఆలస్యంగా వచ్చేది. మూడోదాంట్లో "పాఠక మహాశయులకు సెలవు" అని వచ్చేది. నాలుగో నెల కూడా బతికున్న పత్రిక ఉంటే జనం దాన్ని వింతగా చూసేవారు, దిష్టి తగులుతుందేమో అని నాకు భయంగా ఉండేది.

వచ్చిన చిక్కల్లా రాస్తామన్నవాళ్ళు రాయకపోవడం. పెన్నాక్ గారు పత్రిక పెట్టేముందు లాయర్లు ఆయన భుజం తట్టారు, డాక్టర్లు చెయ్యి కలిపారు, పాస్టరు గారైతే కౌగిలించుకున్నారు. "మీరు మొదలుపెట్టండి సార్, మేం లేమూ?" అన్నారు. తీరా నెలాఖరుకి చూస్తే వచ్చింది ఒక పొడుపుకథ, చనిపోయిన చిలక మీద ఒక పద్యం. మిగతా కాయితమంతా తెల్లగా ఉంది.

మావాళ్ళకో మర్యాద ఉంది. పత్రికలో సొంతపేరు పెట్టుకోవడమంటే చొక్కా లేకుండా బజారుకి వెళ్ళడంతో సమానం. అందరూ ఏ రోమను వీరుడి పేరో, ఏ కల్పిత మనిషి పేరో తగిలించుకుని రాస్తారు. ఎవరు రాశారని ఎడిటర్ని అడగకూడదు. అడిగినా ఆయన చెప్పకూడదు. ఊరు మాత్రం కాఫీ హౌసులో చేరి "ఇది ఫలానావాడి చేతిరాతే, పందెం!" అని బల్లలు గుద్దాలి. ఈ మర్యాదే పెన్నాక్ గారికి కలిసొచ్చింది. ఆ తెల్లకాయితం నింపడానికి "పాతబూటు" అనే ముసలాయన పేరుతో తన పత్రికకి తనే ఉత్తరం రాసుకున్నారు. కుర్రకారు మొనదేలిన బూట్లు తొడగడం వల్లే దేశం చెడిపోతోందని దాని సారాంశం. దానికి ఎవరూ జవాబు రాయలేదు. పాపం ముసలాయన చిన్నబుచ్చుకుంటాడని "ప్రూడెన్స్ పిన్ని" పేరుతో జవాబు కూడా తనే రాశారు. అక్కణ్ణించి ఆయనకి రుచి మరిగింది.

గదిలో రెండు కుర్చీలు వేసుకున్నారు. పాతబూటుది నిటారుగా ఉండే ఓక్ కుర్చీ, ముందు ఒక పీట. ఎడమకాలికి వాతం కనక దానికి గుడ్డ చుట్టి పీటమీద పెట్టేవారు. వాతం పాతబూటుకి, పెన్నాక్ గారి కాళ్ళు లేడికాళ్ళు. ప్రూడెన్స్ పిన్నిది కిటికీ దగ్గర ఊగే కుర్చీ. అందులో కూర్చునేటప్పుడు మా అత్తగారి పాత లేసుటోపీ పెట్టుకునేవారు.

"ఆడదానికి సాయంత్రం టీ ఏమిటి, మళ్ళీ రాత్రి టీ ఏమిటి? ఇందుకేనా మనం రాజుని తరిమికొట్టింది?" అని ఓక్ కుర్చీలోంచి గర్జన వినబడేది.

తర్వాత నేల టకటకలాడేది. కిటికీ దగ్గర్నించి సన్నని గొంతు వచ్చేది. "మరి మీరు పీల్చే నశ్యం మాటేమిటి తాతగారూ? మీరు తుమ్మినప్పుడల్లా మా పిల్లి అటకెక్కుతోంది."

మళ్ళీ టకటక. ఇలా రోజంతా నా నెత్తిమీద ఇద్దరు పరుగెత్తేవారు. పులుసు గిన్నె పట్టుకెళ్ళి గుమ్మంలో నిలబడి నేను ముందు అడగాల్సిన మాట ఒకటుండేది.

"ఇవాళ ఎవరు?"

"పాతబూటు."

"మిరియాల పులుసు తెచ్చాను."

"కారాలు కుర్రాళ్ళకి. నాకు ఉడికిన దుంపొకటి పడెయ్యి."

దుంప తీసుకుని వెళ్ళేసరికి టోపీ నెత్తిమీద ఉండేది. "ఏమ్మా లోరింగమ్మా, పులుసు అంత ఘుమఘుమలాడుతోంది, అందులో ఏం వేశావు? మా చెల్లెలికి రాసి పంపాలి" అనేవారు. పెన్నాక్ గారికి చెల్లెలు లేదు. ప్రూడెన్స్ పిన్నికి ఉంది.

ఒకరోజు ఆయన మొహం వేలాడేసుకుని కూర్చున్నారు. ఏమైందని అడిగాను.

"నిన్న ప్రూడెన్స్ అన్న మాటకి మనసు విరిగిపోయిందమ్మా. ముసలివాణ్ణని కూడా చూడలేదు. ఆవిడకి జాలి లేదు."

"మరి ఆ మాట రాసింది మీరేగా?"

"అదే కదా బాధ. అంత బాగా రాశాను" అన్నారు.

ఊరు రెండుగా చీలింది. హై స్ట్రీట్ బజార్లో చేపలమ్మే ఆడవాళ్ళంతా ప్రూడెన్స్ పక్షం. ఓడల యజమానులూ, జుట్టు రాలినవాళ్ళూ, అల్లుళ్ళతో పడనివాళ్ళూ పాతబూటు పక్షం. అత్తాకోడళ్ళు ఒకే సంచికని రెండు ముక్కలు చేసుకుని ఎవరి పక్షం వాళ్ళు దాచుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

అన్నిటికీ మించింది షాంట్జ్ గారి సంగతి. గాట్లీబ్ షాంట్జ్ లాంకాస్టర్ దారిలో కాయితం మిల్లు నడిపే జర్మనాయన. పాతగుడ్డలు నానబెట్టి, దంచి, కాయితం చేసి మాకు తెచ్చేవాడు. భార్య పోయి చాలాకాలమైంది. ఒకరోజు కాయితం కట్టలతో పాటు శుభ్రంగా తల దువ్వుకుని, ఒక జాడీ ఆపిల్ పచ్చడి పట్టుకుని దిగాడు.

"లోరింగమ్మా, నేను ప్రూడెన్స్ గారిని పెళ్ళాడదామనుకుంటున్నాను" అన్నాడు.

నా చేతిలో అక్షరాల పళ్ళెం కిందపడింది. "ఆవిణ్ణి మీరు చూశారా?"

"చూడక్కర్లేదమ్మా. ఆవిడ నెలనెలా నా కాయితం మీదే రాస్తోంది. ఆవిడ మనసు నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

పైన నేల టకటకమని ఠక్కున ఆగింది. మెట్లమీద తలుపు చాటునుంచి సన్నని గొంతు వచ్చింది. "షాంట్జ్ గారూ, మీ అభిమానానికి చాలా సంతోషం. కానీ నాకీ జన్మకి ఆ ఆలోచన లేదు. పచ్చడి మాత్రం అక్కడ పెట్టి వెళ్ళండి."

షాంట్జ్ టోపీ తీసి తలుపుకి వంగి దణ్ణం పెట్టాడు. "గొంతు బొంగురుపోయింది, జలుబు చేసినట్టుంది. వచ్చేవారం బాతుకొవ్వు తెస్తాను, ఛాతీకి రాయండమ్మా" అని నాతో చెప్పి వెళ్ళాడు. ఆ బాతుకొవ్వు నేను తలుపు బందులకి రాశాను.

ఇలా నవ్వులాటగా గడుస్తుండగా రోడా ఫెన్ వచ్చింది. ఆ పిల్ల మా వీధి చివర అగ్నిమాపక సంఘంవాళ్ళు తోలు బకెట్లు దాచుకునే కొట్టుమీది గదిలో ఆడపిల్లలకి బడి నడిపేది. మిగతా బళ్ళలో కుట్లూ అల్లికలూ నేర్పితే, ఈవిడ గోళం తిప్పి దేశాలు చూపించేది, భాగాహారాలు చేయించేది. మా వీధి ఆడపిల్లలు ఓడ పేరు చెబితే అది ఏ రేవునుంచి వచ్చిందో చెప్పేవారు. అది చూసి నాకు ఒళ్ళు పులకరించేది. మా చర్చి పెద్ద డీకన్ ఏమోస్ ట్విచెల్ గారికి ఒళ్ళు మండేది.

డీకన్ గారికి ఇనుపసామాన్ల కొట్టుంది, ఎడమకాలికి నిజం వాతముంది, బడి ట్రస్టీల్లో పెద్దరికముంది. "పటాలు చదివే పిల్ల పిండేం కలుపుతుంది?" అని చర్చి మెట్లమీద నిలబడి అడిగేవారు. వసంతంలో షాడ్ చేపలు నదెక్కే వేళకి ట్రస్టీలు సమావేశమై బడి ఉంచాలా మూయాలా అని తేల్చాలని నిర్ణయించారు. డీకన్ ఎటంటే మిగతావాళ్ళు అటే. బడి పోతే రోడాకి ఆ గదీ లేదు, తిండీ లేదు. చెస్టర్‌లో అన్నగారి పొలానికి పోయి, వదినగారి చేతికింద బాతులు మేపుకోవడమే.

ఆ పిల్ల తన బడి గురించి చక్కని వ్యాసం రాసి తెచ్చింది. కింద పూర్తిపేరు పెట్టింది.

"ఇది వెయ్యండి పెన్నాక్ గారూ. దొంగచాటు పేర్లు నాకొద్దు. నా బడి గురించి నేనే మాట్లాడతాను."

ఆయన చదివారు. మడిచారు. తిరిగి ఆవిడ చేతిలో పెట్టారు. "వెయ్యనమ్మా."

"బాగాలేదా?"

"బాగుంది. అయినా వెయ్యను."

రోడా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గబగబా మెట్లు దిగిపోయింది. నాకు ఒళ్ళు భగ్గుమంది. అంతటితో అయిందా? ఆ నెల సంచికకి ఆయన నా చేతికిచ్చిన రాతప్రతిలో పాతబూటు ఏకంగా రోడా బడిమీదే విరుచుకుపడ్డాడు. ఆడపిల్లకి సూది చాలు, గోళం ఎందుకు, ఆ బడి మూసెయ్యాలి అని పెద్దమనిషి తరహాలో గంభీరంగా రాశాడు.

"మీ నోట్లో మన్నుపడ! ఇదేం పని?" అన్నాను.

"నాదేముందమ్మా, అది పాతబూటు అభిప్రాయం."

"అయితే ప్రూడెన్స్ పిన్ని చేత దీనికి చీవాట్లు పెట్టించండి."

"ప్రూడెన్స్‌కి ఒంట్లో బాగాలేదు" అని ఆయన కిటికీ దగ్గర కుర్చీని గోడకి తిప్పి పెట్టేశారు.

ఇన్నాళ్ళలో పాతబూటు మాటకి ఎదురుమాట లేకుండా సంచిక రావడం అదే మొదలు. అక్షరాలు కూర్చేటప్పుడు ఒక్కొక్క అక్షరాన్నీ తిడుతూ కూర్చాను. నా తిట్లు వీధి మలుపుదాకా వినబడ్డాయట. వినబడాలనే తిట్టాను.

సంచికలు ఇవ్వడానికి కాఫీ హౌసుకి వెళ్తే అక్కడ పాతబూటుకి నీరాజనాలు. పాతబూటు ప్రతి ఉత్తరంలోనూ మొత్తుకునే ఎడమకాలి వాతం, చర్చి మెట్లమీద వినబడే మాటలు, ఇవన్నీ కలిపి చూసుకుని జనం ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఓడల యజమాని ఒకాయన లేచి, "డీకన్ గారూ, ఈ నెల పాతబూటు దంచి వదిలిపెట్టాడండోయ్!" అన్నాడు.

డీకన్ గారు గడ్డం నిమురుకున్నారు. కాదనాలి కదా? అనలేదు. "ఎవరో లోకానుభవం ఉన్న పెద్దమనిషే అయి ఉంటాడు" అని ముసిముసిగా నవ్వి, ఒక కన్ను గీటారు. బల్లల చుట్టూ చప్పట్లు మోగాయి. ఎవరో ఆయన కాఫీ తమ ఖాతాలో రాయించుకున్నారు. రాయని రాతకి వచ్చిన కీర్తిని నోరు మూసుకుని మింగడం మా ఊరి పెద్దమనుషుల పాత జబ్బు. ఆ కన్నుగీటే ఆయన కొంప ముంచింది.

ఇంటికొచ్చి జరిగింది పెన్నాక్ గారికి చెప్పాను. "గీటారా? ఏ కన్ను? బాగా గీటారా, అందరూ చూశారా?" అని ఆయన పెళ్ళికబురు విన్నట్టు అడిగారు. నాకు ఇంకా మండింది.

మరుసటి నెల పాతబూటు కొంచెం ముందుకు వెళ్ళాడు. పెరూ ఎక్కడుందో తెలిసిన ఆడపిల్ల ఏదో ఒకరోజు పెరూ వెళ్ళి తీరుతుందనీ, అందరూ పెరూ వెళ్ళిపోతే ఫిలడెల్ఫియాలో గుడ్లు ఎవరు ఉడకబెడతారనీ ఆవేదన చెందాడు. గుండ్రటి గోళాన్ని చూసి చూసి ఆడపిల్లల కళ్ళు తిరుగుతున్నాయనీ, కావాలంటే బల్లపరుపు గోళం చేయించుకోవచ్చనీ సలహా ఇచ్చాడు. కాఫీ హౌసులో చప్పట్లు పలచబడ్డాయి. ఎవరో కిచకిచమన్నారు.

"డీకన్ గారూ, బల్లపరుపు గోళం మీ కొట్లో దొరుకుతుందా?"

"అది... అది ఒక అలంకారం" అన్నారు డీకన్ గారు. అప్పుడైనా నేను రాయలేదని అనొచ్చు. కానీ మొదటిదానికి కన్నుగీటి, రెండోదానికి కాదంటే నవ్వులపాలవరూ?

ఇటు మామీదా నిప్పులు కురుస్తున్నాయి. ఆ రాతలు వేసినందుకు చేపలమ్మే ఆడవాళ్ళు పెన్నాక్ గారి కిటికీకి కుళ్ళిన ఆపిల్‌పళ్ళు విసిరారు. చందాలు మానుకున్నవాళ్ళు మానుకున్నారు. షాంట్జ్ బండి దిగకుండానే అరిచాడు. "ప్రూడెన్స్ గారు మళ్ళీ కలం పట్టేదాకా కాయితం ముక్క ఇవ్వను! ఆవిణ్ణి ఆ ముసలాడు ఎక్కడో బంధించాడు!" పెన్నాక్ గారు బుగ్గమీది పండు గుజ్జు తుడుచుకుంటూ, "మంచి కాయ వృథా చేశారు" అని, మిగిలిన కాస్త కాయితం మీద మూడో ఉత్తరం మొదలుపెట్టారు.

ఆ మూడోది చదివి నేను అక్షరాల పెట్టె మీద కూలబడ్డాను. భాగాహారం నేర్చిన ఆడది ఆపిల్ రొట్టెని సమానంగా కోస్తుందట. ఇంటి యజమాని ముక్కా, చిన్నపిల్ల ముక్కా ఒకే సైజులో ఉంటే కుటుంబం కూలిపోతుందట. లెక్క తలకెక్కితే ఆడవాళ్ళ రక్తం చిక్కబడుతుంది కనక ఇకమీదట ఏ ఇల్లాలూ గుడ్లుగానీ మేకులుగానీ రొట్టెలుగానీ లెక్కపెట్టకూడదట. "నా ఇంట్లో నేటినుంచి ఇదే శాసనం" అని ముగించాడు పాతబూటు.

డీకన్ గారి భార్య డార్కస్ ట్విచెల్‌ది మాట తక్కువ, పని ఎక్కువ. కొట్లో ఏ మేకు ఏ పెట్టెలో ఉందో, ఏ తూకానికి ఎన్ని వస్తాయో ఆవిడకే తెలుసు. డీకన్ గారికి తెలిసింది కుర్చీ ఎక్కడుందో అంతే. ఆవిడ సంచిక చదివి, కళ్ళజోడు తీసి, మేడమీదకెళ్ళి పడుకుంది.

నేను కీలు ఒకటి కొనడానికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే తమాషా చూడ్డానికే వెళ్ళాను. కొట్టంతా జనం. గొళ్ళెం అడిగినవాడి చేతిలో గరిటె ఉంది. పెంకుమేకులు అడిగిన వడ్రంగికి గుర్రపునాడాలు దోసిళ్ళతో పోస్తున్నారు డీకన్ గారు.

"డార్కస్! దిగవే! ఈ పెట్టెలో ఎన్నున్నాయి?"

"నాకు లెక్కలేం తెలుసండీ? రక్తం చిక్కబడదూ?" అని పైనుంచి జవాబొచ్చింది.

"అది నేను రాయలేదే!"

"ఊరంతా మీరే రాశారంది. మీరు కాదనలేదు. దొరవారి శాసనం మీరితే ఎలా? రాత్రి భోజనం కూడా లేదు. ఎన్ని రొట్టెలు చెయ్యాలో తోచలేదు."

కొట్టంతా ఘొల్లుమంది. వడ్రంగి నవ్వలేక నాడాల మీద కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే డీకన్ గారు కుంటుకుంటూ మా అచ్చాఫీసుకొచ్చారు. పెన్నాక్ గారు మెట్లు దిగి వినయంగా నిలబడ్డారు.

"పాతబూటు నేను కాదని మీ పత్రికలో వెయ్యండి."

"అయ్యయ్యో, ఎంతమాట! ఎవరు పాతబూటో, ఎవరు కాదో చెప్పడం ఎడిటరు ధర్మం కాదండీ. ప్రాణం పోయినా చెప్పను."

"నేను కాదు కదయ్యా! నేను కాదని నాకు తెలుసు!"

"కాఫీ హౌసులో ఎవరో కన్ను గీటారని విన్నాను. అందులో దుమ్ము పడిందని వెయ్యమంటారా?"

డీకన్ గారి మొహం ఉడికిన దుంపయింది. బల్లమీద కూలబడి, "ఆకలేస్తోందయ్యా" అన్నారు. ఆ మాటకి నాకే జాలేసింది.

"ఒక్కటే దారుందండీ" అన్నారు పెన్నాక్ గారు మెల్లగా. "పాతబూటే తన పొరపాటు తెలుసుకున్నానని రాస్తే, నేను సంతోషంగా వేస్తాను. ఎవరి రాతో నేను అడగను. మర్యాద."

డీకన్ గారు చాలాసేపు ఎడమకాలు నిమురుకున్నారు. తర్వాత మెల్లగా మేడెక్కారు. పెన్నాక్ గారు ఆయన్ని ఓక్ కుర్చీలో కూర్చోబెట్టి, కాలికింద పీట వేసి, చేతికి కలమిచ్చారు. నేను సిరా ఇచ్చే నెపంతో వెళ్ళి అక్కడే నిలబడ్డాను. కలం గీరుకుంటున్నంతసేపూ పెన్నాక్ గారు భుజంమీదనుంచి చూస్తూనే ఉన్నారు.

"ఇక్కడ 'బహుశా' తీసెయ్యండి."

"మరీ అంత ఒప్పుకోవాలా?"

"పాతబూటు ఏ పనైనా పూర్తిగా చేస్తాడండీ. ఆ... 'నా భార్య లెక్కలు లేకపోతే నేను మేకుకి కూడా పనికిరాను' అన్నారే, అది అద్భుతం. అది ఉంచండి."

"అది నిజం" అన్నారు డీకన్ గారు ముక్కు తుడుచుకుంటూ.

మిగిలిన చివరి కాయితం మీద ఆ సంచిక వేశాను. ట్రస్టీల సమావేశంలో డీకన్ గారు లేచి, ఆడపిల్లకి భాగాహారం రావాలి, రాకపోతే మగవాడు పస్తుండాలి అని స్వానుభవంతో మాట్లాడారట. పాతబూటే మారాక మిగతావాళ్ళెంత? రోడా బడి ఉంది. గది ఉంది. డార్కస్ గారు తన డబ్బుతో గోళం ఒకటి అదనంగా కొనిపెట్టింది, గుండ్రటిదే.

నేను మేడెక్కి పెన్నాక్ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "మొదటినుంచీ ఇదేనా మీ ఎత్తు? నాకు ముందే చెబితే మీ సొమ్మేం పోయేది?"

"చెబితే మీరు నన్ను అంత బాగా తిట్టేవారా లోరింగమ్మా? మీ మేడమీదవాడి రాతనైతే మీరు అంతలా తిట్టరని కదా, పాతబూటు నేను కాదని ఊరు నమ్మింది."

"మరి ఆ పిల్ల వ్యాసం?"

"సొంతపేరుతో పత్రికకెక్కిన పంతులమ్మని ఆ పూటే తీసేసేవాళ్ళు. పైగా బాగా రాసింది. బాగా రాస్తే ఇంకా తొందరగా తీసేస్తారు."

ఆయన్ని తిట్టినందుకు నేనేం నొచ్చుకోలేదు. కడుపులో పెట్టుకున్నవాడిదే తప్పు. కానీ ఆయన ఆ ఓక్ కుర్చీకేసి చూసిన చూపుకి మాత్రం నా మనసు కరిగింది. పశ్చాత్తాపపడ్డ పాతబూటుతో ఇక ఎవరు పోట్లాడతారు? ఆయన తన ప్రాణస్నేహితుణ్ణి ఆ బడికోసం ఇచ్చేశారు.

తెల్లారి రోడా వచ్చింది. చేతిలో చిన్న మూట. మొహంలో వెలుగుంది, పెన్నాక్ గారిని చూడగానే ఆరిపోయింది.

"మీరు వద్దన్నా నా బడి నిలబడింది పెన్నాక్ గారూ. పాతబూటంతటి మొండివాడే మనసు మార్చుకున్నాడు. ఒక్కమాటైనా నా పక్షాన వెయ్యని మీరు సిగ్గుపడాలి."

"పడుతున్నానమ్మా" అన్నారాయన తలవంచుకుని.

నేను నోరు తెరిచాను. ఆయన నా కాలు గట్టిగా తొక్కారు. లేడికాలైనా బరువుంది.

"పాతబూటు గారెవరో అడగకూడదు కదా. అందుకే మీ ద్వారా ఇస్తున్నాను. ఆయన ఎడమకాలికి చలి పట్టకుండా ఊలు మేజోళ్ళు అల్లాను. నా తరఫున అందించండి" అని మూట బల్లమీద పెట్టి, నాకు మాత్రం నమస్కారం చేసి వెళ్ళిపోయింది.

మూట విప్పాం. నీలంరంగు మేజోళ్ళు, మెత్తగా, మడమ దగ్గర రెండుపేటల అల్లిక. పెన్నాక్ గారు వాటిలో చెయ్యి పెట్టి చూశారు. ఆయన పాత మేజోళ్ళకి బొటనవేళ్ళు రెండూ బయటకొచ్చి చాలాకాలమైంది.

"తొడుక్కోండి. న్యాయంగా మీవే" అన్నాను.

ఆయన కాసేపు వాటిని ఒడిలో పెట్టుకున్నారు. తర్వాత జాగ్రత్తగా మడిచి, మూట కట్టి, పైన "ట్విచెల్ గారికి" అని రాశారు.

"కాదమ్మా. మనసు మార్చుకున్నది ఆయన. నాకు మార్చుకోవాల్సిన పని ఎప్పుడు పడింది?"

ఆ ఆదివారం డీకన్ గారు చర్చిలో ముందు బల్లమీద, ప్యాంటు మోకాళ్ళదాకా లాక్కుని, నీలం మేజోళ్ళు అందరికీ కనబడేలా కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. వచ్చిన ప్రతి ఆడపిల్లనీ ఆపి "ఏడుని మూడుతో భాగిస్తే ఎంతమ్మా?" అని అడిగారు. పెన్నాక్ గారు వెనకబల్లలో నా పక్కన కూర్చుని, "ఎంత బాగా నప్పాయో చూశారా!" అని ప్రార్థన అయ్యేవరకూ నా చెవిలో గుసగుసలాడుతూనే ఉన్నారు. పాస్టరు గారు రెండుసార్లు మావైపు గుర్రుగా చూశారు, అయినా నవ్వు ఆపుకోవడం మా ఇద్దరివల్లా కాలేదు.